పాట ఎక్కడ ఆపాలి

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, "అన్నా, నువ్వు ఇంజనీరువి కదా, ఇరవై నిమిషాలు పనికొచ్చేది ఏదైనా మాట్లాడు" అన్నాడు. నా పని పంపులు తయారు చేయడం. పంపుల గురించి మొదలుపెడితే మీరంతా భోజనాల షామియానా వైపు చూస్తారని నాకు తెలుసు. ముందు వరసలో మా లెక్కల సారు కూర్చున్నారు. ఆయన ఎదుట లెక్క లేని మాట చెబితే ఇప్పటికీ చెవి మెలిపెడతారేమో. అందుకని లెక్క ఉన్న ఆట గురించి చెబుతాను. వేలం పాట గురించి. హాలహర్వి మనిషికి వేలం కొత్త కాదు. పత్తి వేలం, చెరువు చేపల వేలం, గుడి ముందు కొబ్బరికాయల అంగడి వేలం, అమ్మవాళ్ల చీటీ పాట, అన్నీ చూసే పెరిగాం. నేను మాత్రం వేలం అంటే ఏమిటో అమెరికా వెళ్లాక, అదీ నాకు తెలియని ఆటలో, నేర్చుకున్నాను.

నేనుండేది ఒహాయో రాష్ట్రంలో, క్లీవ్‌లాండ్ దగ్గర. అక్కడ బేస్‌బాల్ పిచ్చి. మన క్రికెట్‌కు దూరపు చుట్టం లాంటి ఆట. ఒక్కో జట్టు సీజనుకు 162 మ్యాచ్‌లు ఆడుతుంది. ఆఫీసులో పన్నెండు మంది కలిసి ఏటా మార్చి నెలలో ఒక శనివారం పొద్దున కూర్చుని ఊహా జట్లు కట్టుకుంటారు. దాన్ని ఫాంటసీ బేస్‌బాల్ అంటారు. 1980లో డేనియల్ ఓక్రెంట్ అనే రచయిత న్యూయార్క్‌లో మిత్రులతో కలిసి దీనికి నియమాలు రాశాడు. వాళ్లు భోజనానికి కలుసుకునే లా రోటిస్సరీ ఫ్రాంసేజ్ అనే హోటలు పేరు మీద దానికి రోటిస్సరీ ఆట అని పేరు పడింది.

నియమాలు తేలికే. ఒక్కొక్కరికి 260 డాలర్లు. ఇవి ఉత్తుత్తి డాలర్లు, కాగితం మీది అంకెలు. వాటితో 23 మంది ఆటగాళ్లను కొనాలి. వరసగా ఒక్కొక్కరు ఒక ఆటగాడి పేరు చెబుతారు. ఎవరైనా పాడవచ్చు. కనీస పాట ఒక డాలరు. ఎక్కువ పాడినవాడికి ఆ ఆటగాడు. తర్వాత ఆరు నెలలు ఆ ఆటగాళ్లు నిజం మైదానంలో చేసే పరుగులు, కొట్టే హోమ్ రన్‌లు, తీసే వికెట్లలాంటివన్నీ కలిపి మన జట్టుకు మార్కులు. మా దగ్గర ఓడినవాడు మిగతా పదకొండు మందికి టిఫిన్ పెట్టించాలి. పందెం అంతవరకే. ఇక్కడ పిల్లలున్నారు కాబట్టి ఒక మాట. ఫోన్లో డబ్బులు పెట్టి ఆడే ఆటలు వేరు. మన రాష్ట్రం 2020లోనే వాటిని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. నేను చెప్పేది ఆ తోవ కాదు.

2011 మార్చిలో మొదటిసారి కూర్చున్నాను. ఆటగాళ్ల పేర్లు బట్టీ పట్టాను. లెక్క మాత్రం వేసుకోలేదు. పెద్ద పేరు వినబడగానే చెయ్యి లేచింది. ఆల్బర్ట్ పూహోల్స్‌ను 45కు పాడాను. హాన్లీ రామిరెజ్‌ను 43కు పాడాను. ఇంకో ఇద్దరితో కలిపి నలుగురికే 168 డాలర్లు అయిపోయాయి. మిగిలిన 92 డాలర్లతో 19 మందిని కొనాలి. మధ్యాహ్నానికి నా దగ్గర 14 డాలర్లు, 11 ఖాళీలు. ఇక్కడ సారుకు ఒక లెక్క. 11 ఖాళీలు నింపాలి, ఒక్కోదానికి కనీసం డాలరు కావాలి. అప్పుడు ఒక్క ఆటగాడికి నేను పాడగలిగిన గరిష్ఠం ఎంత? మిగతా పది ఖాళీలకు పది డాలర్లు పక్కన పెట్టి, 14 లోంచి 10 తీస్తే 4. అంటే ఎవరైనా అయిదు అన్న క్షణంలో నేను ఆ గదిలో లేనట్టే. ఆ ఏడు రామిరెజ్ భుజం నొప్పితో 92 మ్యాచ్‌లే ఆడాడు. నేను పదకొండు మందికి టిఫిన్ పెట్టించాను.

వాళ్ల భాషలో ఈ పద్ధతికి "తారలూ తాలూ" అన్నట్టు ఒక పేరుంది. నలుగురు తారల్ని కొని, మిగతావన్నీ తాలు గింజలతో నింపడం. పద్ధతి తప్పు కాదు. కొందరు దానితోనే గెలుస్తారు. అయితే తాలులో మంచి గింజ ఏదో గుర్తుపట్టే కన్ను ఉండాలి. నాకు లేదు.

2012లో దానికి పూర్తి విరుద్ధంగా చేశాను. ముందే లెక్క కట్టుకుని వెళ్లాను. ఈ లెక్క మీకూ చెబుతాను, ఏ వేలానికైనా పనికొస్తుంది. గదిలో మొత్తం డబ్బు 12 ఇంటూ 260, అంటే 3,120 డాలర్లు. కొనాల్సిన ఆటగాళ్లు 12 ఇంటూ 23, అంటే 276 మంది. సగటున మనిషికి పదకొండు డాలర్ల పైచిల్లర. 277వ ఆటగాడు వేలం అయ్యాక ఊరికే దొరుకుతాడు, కాబట్టి అతని విలువ సున్నా. అతని కన్నా ఎంత మెరుగో అంతే ఒక ఆటగాడి విలువ. అలా ప్రతివాడి పక్కనా ఒక అంకె రాసుకున్నాను. ఆ అంకె దాటితే పాట ఆపాలి.

పొద్దున అందరి సంచులూ నిండుగా ఉన్నాయి. ప్రతి పేరూ నా అంకె దాటిపోయింది. నేను ఆగాను. మధ్యాహ్నానికి సంచులు ఖాళీ అయ్యాయి. పొద్దున 17 డాలర్లు పలికిన పిచర్‌కు ఏమాత్రం తీసిపోని ఇంకో పిచర్ పేరు మధ్యాహ్నం మూడింటికి వచ్చింది. ఒకరు "ఒక డాలరు" అన్నారు. నేను "రెండు" అన్నాను. ఇంకెవరూ నోరు మెదపలేదు. రెండు డాలర్లకు వచ్చాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

అయినా ఆ ఏడూ నేను గెలవలేదు. చివరికి నా దగ్గర 31 డాలర్లు మిగిలిపోయాయి. కొనడానికి ఎవరూ లేరు. ఈ ఆటలో మిగిలిన డబ్బు ఇంటికి రాదు, వచ్చే ఏటికీ రాదు. ఇంకో సంగతి. మైక్ ట్రౌట్ అనే ఇరవై ఏళ్ల కుర్రవాడు అప్పటికి కింది స్థాయి జట్టులో ఉన్నాడు. మా పక్క సీటు ఆయన మూడు డాలర్లకు తీసుకున్నాడు. నా చేతిలో డబ్బుంది, నాకు ఆ పేరే తెలియదు. ఏప్రిల్ చివర్లో అతన్ని పై జట్టులోకి పిలిచారు. ఆ సీజన్లో 30 హోమ్ రన్‌లు కొట్టి, 49 బేస్‌లు దొంగిలించాడు. డబ్బు దాచుకుంటే చాలదు, దేనికోసం దాచుకుంటున్నామో తెలిసి ఉండాలి.

ఇదంతా మనకు దగ్గరి ఆటలోనూ కనబడుతుంది. 2008 ఫిబ్రవరి 20న ముంబైలో మొదటి ఐపీఎల్ వేలం. ఒక్కో జట్టుకు 50 లక్షల డాలర్లు. సొంత ఊరి పెద్ద ఆటగాడిని ఐకాన్‌గా పెట్టుకుంటే, జట్టులో అందరికన్నా ఎక్కువ ధర పలికినవాడి కన్నా అతనికి 15 శాతం ఎక్కువ ఇవ్వాలి. మన వీవీఎస్ లక్ష్మణ్ ఆ హోదా వదులుకున్నాడు. ఆ డబ్బుతో జట్టు ఇంకొకరిని కొనుక్కోవచ్చని. డెక్కన్ చార్జర్స్ సైమండ్స్‌ను 13 లక్షల 50 వేల డాలర్లకు, గిల్‌క్రిస్ట్‌ను 7 లక్షలకు పాడింది. ఆ ఏడు 14 మ్యాచ్‌ల్లో గెలిచింది రెండే, పట్టికలో అడుగున నిలిచింది. మరుసటి ఏడు అదే గిల్‌క్రిస్ట్ నాయకత్వంలో కప్పు గెలిచింది. వేలం రోజు పలికిన ధర ఒక అంచనా మాత్రమే, తీర్పు కాదు.

2017 వేలంలో మన హైదరాబాదీ సిరాజ్ కనీస ధర 20 లక్షలు. సన్‌రైజర్స్ 2 కోట్ల 60 లక్షలకు తీసుకుంది. విశాఖపట్నం కుర్రవాడు నితీశ్ కుమార్ రెడ్డిని మాత్రం 2022 డిసెంబరు వేలంలో అదే జట్టు కనీస ధర 20 లక్షలకే దక్కించుకుంది. ఇద్దరికీ కనీస ధర ఒకటే. ఒకరి కోసం పోటీ పడినవాళ్లున్నారు, రెండోవారి కోసం లేరు. తేడా అంతా అక్కడే. 2024లో నితీశ్ ఐపీఎల్‌లో ఉత్తమ వర్ధమాన ఆటగాడయ్యాడు.

వేలంలో ఇదే మొదటి పాఠం. ధరను నిర్ణయించేది గెలిచినవాడు కాదు, రెండోవాడు. నేను వంద వరకూ పాడటానికి సిద్ధపడినా, రెండోవాడు ఇరవై దగ్గర ఆగితే నాకు ఇరవై ఒకటికే వస్తుంది. సరుకు మంచిదైతే చాలదు, దాని కోసం ఇద్దరు పోటీ పడాలి, ఇద్దరి చేతిలోనూ డబ్బు ఉండాలి.

రెండో పాఠం. ఎక్కువ మంది పాడిన వస్తువు గెలిస్తే సంతోషించే ముందు ఆలోచించాలి. పన్నెండు మంది పన్నెండు అంచనాలు వేస్తే, అందరికన్నా ఎక్కువ అంచనా వేసినవాడే గెలుస్తాడు. అంటే అందరికన్నా ఎక్కువ పొరబడినవాడు కూడా అతనే కావచ్చు. దీన్ని గెలిచినవాడి శాపం అంటారు. వేలం మీద చేసిన కృషికి 2020లో నోబెల్ బహుమతి అందుకున్న రాబర్ట్ విల్సన్, పాల్ మిల్‌గ్రోమ్‌లలో విల్సన్ దీన్ని లెక్కలతో నిరూపించాడు.

మూడో పాఠం మన అమ్మలకు నోబెల్ లేకుండానే తెలుసు. చీటీ పాటలో మొదటి నెల ఎవరు ఎక్కువ తగ్గించుకుని పాడతారు? ఇంట్లో పెళ్లో, జబ్బో ఉన్నవాళ్లు. అవసరం ముఖంలో కనబడితే పోగొట్టుకునేది వాళ్లే. మా ఆటలోనూ అంతే. పనికొచ్చే క్యాచర్ ఒక్కడే మిగిలి, నాకు క్యాచర్ లేడని అందరికీ తెలిస్తే, పక్కవాడు నా చేత నాలుగు డాలర్లు ఎక్కువ పాడిస్తాడు. ఎమ్మిగనూరు జాతరలో ఎద్దుల బేరగాళ్లు తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని ధర చెప్పుకునేది ఎందుకో నాకు ఒహాయోలో అర్థమైంది. అయితే ఊరికే పక్కవాడి ధర పెంచుదామని పాడితే ఒక్కోసారి అది మన తలకే చుట్టుకుంటుంది. అక్కర లేని ఎద్దును తోలుకుని ఇంటికి రావాలి.

ఇక్కడితో ఆపితే భోజనాలకు సమయానికి వెళ్తారు. కానీ నేను ఇంత దూరం వచ్చింది ఈ మూడు పాఠాల కోసం కాదు. రెండు డాలర్ల పిచర్‌ను కొని, చప్పట్లు కొట్టించుకుని ఇంటికి వెళ్లిన ఆ రోజు సాయంత్రం సంగతి చెప్పాలి.

కారు ఇంటి ముందు ఆపి, దిగలేక అలాగే కూర్చున్నాను. నాకు 1987 నవంబరు గుర్తొచ్చింది. నేను పదో తరగతి. నవంబరు 5న బొంబాయిలో ప్రపంచ కప్ సెమీఫైనల్. గూచ్ స్వీప్ షాట్లతో 115 కొట్టాడు, మనం 35 పరుగులతో ఓడిపోయాం. మా జట్టు కుర్రాళ్లమంతా ట్రాన్సిస్టరు మూసేసి, రచ్చకట్ట మీద అర్ధరాత్రి దాకా ఎవరిది తప్పో తేల్చుకున్నాం. తర్వాత నేను ఇంటికి పోకుండా మిత్రుడి మిద్దె మీదే పడుకున్నాను.

ఆ తెల్లవారుజామున రెండు గంటలకు మా పత్తి లారీకి ఎక్కించాలి. తొమ్మిది క్వింటాళ్లు. బోరాలు ఎత్తడానికి నాయనకు తోడు నేనే. నాయన ఊరంతా వెతికాడంట. లారీవాడు ఎంతసేపు ఆగుతాడు? పక్క చేను పెద్దాయన సరుకుతో వెళ్లిపోయింది. మా పత్తి పొద్దున ఎనిమిదింటికి ఒక ట్రాక్టరు దొరికితే దాని మీద బయలుదేరింది. నేనూ తల వంచుకుని ఎక్కాను. యార్డుకు చేరేసరికి మధ్యాహ్నం దాటింది.

ఆ రోజుల్లో కొనేవాళ్లు కుప్ప కుప్పకూ తిరిగి, దూది లాగి పింజ చూసి, చీటీ మీద ధర రాసి ఇచ్చేవాళ్లు. ఎక్కువ రాసినవాడికి సరుకు. పొద్దున పక్క చేను పెద్దాయన కుప్పకు ఆరు చీటీలు పడ్డాయి. అదే విత్తనం, అదే నేల, మధ్యలో ఒక గట్టు. మా కుప్పకు రెండే చీటీలు పడ్డాయి. క్వింటాకు అరవై రూపాయలు తక్కువ. తొమ్మిది క్వింటాళ్లకు 540 రూపాయలు. ఆ ఏడు నా పరీక్ష ఫీజుకు, పుస్తకాలకు, ఇంటర్‌లో చేరడానికి నాయన పక్కన పెట్టుకున్నది అంత కూడా లేదు.

మమ్మల్ని మోసం చేశారనుకున్నాను. హాస్టల్లో మిత్రులకు అలాగే చెప్పాను. ఇరవై నాలుగేళ్లు ఆ కొనేవాళ్లను మనసులో తిట్టుకున్నాను. కారులో కూర్చున్న ఆ సాయంత్రం తెలిసింది, మమ్మల్ని ఎవరూ మోసం చేయలేదు. ఆ రోజు వాళ్లకు కావలసిన సరుకు పొద్దున్నే దొరికింది. ఆరుగురిలో నలుగురి సంచులు మూసుకున్నాయి. మిగిలిన ఇద్దరికి పోటీ లేదు. వాళ్ల స్థానంలో ఉంటే నేనూ అంతే రాసేవాణ్ణి. ఆ మధ్యాహ్నం పిచర్‌కు నేను చేసింది అదే. అంటే పోయిన 540 రూపాయలు ఎవరో తిన్నవి కావు. నేను మిద్దె మీద నిద్రపోయిన గంటల ఖరీదు.

రాత్రి రెండింటికి లారీ ఎక్కాలని నాయన ఎందుకంత పట్టుబట్టేవాడో నాకు అప్పుడు తెలియదు. చాదస్తం అనుకున్నాను. ఆయన ఏ నోబెల్ పుస్తకమూ చదవలేదు. సంచులు నిండుగా ఉన్నప్పుడే మన కుప్ప అక్కడ ఉండాలని ఆయనకు తెలుసు. ఆ రోజు నన్ను ఒక్క మాట అనలేదు. యార్డు బయట ఉగ్గాని, బజ్జీ పెట్టించి, "తిను, రాత్రి నుంచి ఏమీ తినలేదు నువ్వు" అన్నాడు. ఆయన 2009లో పోయారు. నేను మొదటి వేలంలో కూర్చునేసరికి రెండేళ్లు ఆలస్యమైంది. ఆయనకు చెప్పాల్సిన మాట ఇక్కడ మీ ముందు చెబుతున్నాను. తప్పు నాదే, నాయనా.

ఇప్పుడు కాలం మారింది. 2016 ఏప్రిల్ 14న కేంద్రం ఈ-నామ్ మొదలుపెట్టింది. చీటీల బదులు కంప్యూటర్లో ధర వేస్తారు. ఎక్కువ మంది పాడితే ధర పెరుగుతుందనే పాత లెక్కే దాని వెనకా ఉంది. కనీస మద్దతు ధర కూడా వేలం భాషలో చూస్తే సులభంగా అర్థమవుతుంది. 2025-26కు పొడవు పింజ పత్తికి క్వింటాకు 8,110 రూపాయలు. మార్కెట్టు ధర అంతకన్నా పడిపోయినప్పుడు భారత పత్తి సంస్థ వచ్చి కొంటుంది. గదిలో అందరి సంచులూ మూసుకున్నాక మిగిలే ఆఖరి పాటగాడన్నమాట. కానీ అతనికీ నియమాలున్నాయి. తేమ 8 శాతం దాటితే ధర తగ్గిస్తాడు, 12 దాటితే కొనడు. మంచు తడి ఆరకముందే పత్తి ఏరి, తొందరపడి బోరాల్లో తొక్కే ఇంట్లో ఈ మాట పదో తరగతి పిల్లవాడు చెప్పగలిగితే, వాడి చదువు ఆ రోజే ఇంటికి పనికొచ్చినట్టు.

అందుకే సంఘానికి ఒక చిన్న విన్నపం. రేపు ఉదయం నేను ఊళ్లోనే ఉంటాను. తొమ్మిదో తరగతి, పదో తరగతి పిల్లల్ని లెక్కల సారు తరగతి గదిలో కూర్చోబెడితే, మనమొక వేలం ఆడదాం. డాలర్లు వద్దు, రూపాయలు వద్దు. మనిషికి వంద చింతగింజలు ఇద్దాం. పదకొండు మంది క్రికెటర్ల జట్టు కట్టాలి. ఎవరు ఎక్కడ పాట ఆపారో, ఎవరి గింజలు ముందే అయిపోయాయో, ఎవరి దగ్గర ఊరికే మిగిలిపోయాయో చివర్లో పలక మీద రాద్దాం. తర్వాత కూర్చున్న చోటు మార్చి, కొనేవాళ్లను అమ్మేవాళ్లుగా చేద్దాం. ఆ రెండో ఆట తప్పకుండా ఆడాలి. నాకు అది ఆడటానికి ఇరవై నాలుగేళ్లు పట్టింది.

చింతగింజలు నేను తెస్తాను. సారూ, లెక్క తప్పితే చెవి మెలిపెట్టడానికి మీరు రావాలి.